ముందుజాగ్రత్త మాత్రలు

ధర్మవరంలో నరసింహప్ప నేస్తున్న ముహూర్తం చీర శుక్రవారానికి మగ్గం దిగాలి. దిగకపోతే ఇక పట్టు ఇచ్చేది లేదని షావుకారు జయరాం ముందే చెప్పేశాడు. ఇంతలో ఆదివారం ఉరవకొండలో బంధువుల గృహప్రవేశం వచ్చిపడింది. అక్కడి నీళ్ళు పడక కడుపు చెడితే చీర గతేమిటని పొద్దున్నే భయం పట్టుకుంది. ఎప్పుడో పంటినొప్పికి తెచ్చి మిగిల్చిన యాంటీబయాటిక్ మాత్రలు బయటికి తీసి రెండు మింగాడు.

"రోగం రాకముందే మందేంది?" అంది భార్య నాగలక్ష్మమ్మ.

"క్రిములు లోపలికి రాకముందే చంపేయాల. నువ్వూ ఒకటి మింగు."

"నాకు చద్దన్నం, మజ్జిగ చాలు."

గృహప్రవేశంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు, ఒకే బిందెలో నీళ్ళు తాగారు. మంగళవారానికి నాగలక్ష్మమ్మ నిక్షేపంగా ఉంది. నరసింహప్ప మాత్రం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టడం, నాలుగు పోగులు నేయడం, చెంబు పట్టుకుని పరుగెత్తడం. మందు చాలలేదనుకుని పాపం ఇంకో రెండు మాత్రలు మింగాడు. పెరుగులోనూ క్రిములుంటాయని ఎవరో అంటే మజ్జిగ కూడా మానేశాడు.

మగ్గం చప్పుడు ఆగి ఆగి వినిపించేసరికి వీధిలో తలా ఒక మాట పుట్టింది. పట్టు అమ్ముకున్నాడని కొందరు, ఇంకో షావుకారుకు కుదిరాడని కొందరు. బుధవారం జయరాం బండేసుకుని వచ్చేశాడు.

"యాడ పోయినాడమ్మా మీ ఆయన?"

నాగలక్ష్మమ్మ పెరటి వైపు చూపించింది.

"ఎవరి పనికి?"

"సొంత పనే."

సాయంత్రానికి నరసింహప్పకు నిలబడే ఓపిక కూడా పోయింది. ఆస్పత్రిలో డాక్టర్ సువార్త సెలైన్ పెట్టి, మాత్రల సంగతంతా విని తల పట్టుకుంది.

"మన పేగుల్లో ఎప్పట్నించో కాపురముండే మంచి బ్యాక్టీరియా ఉంటాదన్నా. ఆడుండే తిండీ చోటూ దాందే. బస్సులో సీటు సీటుకీ తువ్వాలేసి పెట్టినట్ల. కొత్త క్రిమి ఎక్కినా యాడ కూర్చుంటాది? నువ్వు మాత్రలేసి బస్సంతా ఖాళీ చేసినావు. అది కాళ్ళు చాపుకొని పండుకునింది."

"మా ఇంటామెకు ఏమీ కాలేదే?"

"ఆమె బస్సు నిండుగా ఉండాది."

"మరి చీర?" అన్నాడు నరసింహప్ప ఏడుపు గొంతుతో.

చీరకు ఇంకా మూరెడు కొంగు మిగిలి ఉంది. ఇన్నేళ్ళూ పట్టుదారం కండెలకు చుట్టి అందించడమే నాగలక్ష్మమ్మ వంతు, ఆమె మగ్గం ఎక్కడం ఆయనకు నచ్చదు. ఇప్పుడు నచ్చేదీ నచ్చనిదీ అడిగేవాళ్ళు లేరు. ఆమె అప్పటికే గుంటలో దిగి కూర్చుంది.

శుక్రవారం నరసింహప్ప ఆస్పత్రి నుంచి ఇంటికి చేరేసరికి జయరాం వచ్చి చీర విప్పి కొంగు తడిమి చూశాడు. "ఇంత బిగువుగా నువ్వెప్పుడూ నేయలేదప్పా. ఈ కొంగు నేసిన చెయ్యే ఇంకో చీర నేయాల. కూలి కూడా ఎక్కువిస్తా. ఒప్పుకున్నట్టేనా?"

నరసింహప్ప భార్య వైపు చూశాడు.

నాగలక్ష్మమ్మ ఆలోచించి చెప్తానంది.