తాగని నీళ్ల ఆకులు

ఒక పెద్ద అడవిలో ప్రతి పనికీ ఒక సంఘం ఉండేది. తాగడానికి మాత్రం ఒక్కటే మడుగు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మడుగు సగానికి దిగింది. అందరికంటే ముందు బెంగపడింది అందులో ఉండే కొర్రమీను. దాని పిల్లలు అప్పుడప్పుడే గుడ్లలోంచి బయటపడి, ఎర్రటి గుంపుగా తల్లి చుట్టూ తిరుగుతున్నాయి.

సింహం సభ పెట్టింది. మడుగు గురించిన సభ గుట్ట మీద పెట్టింది. అక్కడైతే గాలి బాగా వస్తుందట.

"ప్రభుత్వం, పెట్టుబడి, పరిజ్ఞానం కలిసి నడిస్తే మడుగు ఎండనే ఎండదు," అంది సింహం. ప్రభుత్వం తనే. పెట్టుబడి పందికొక్కు, దాని బొరియలో దొరకని సరుకు లేదు. పరిజ్ఞానం గద్ద, దానికి పైనుంచి అన్నీ కనిపిస్తాయి.

"మరి చేపల్ని అడగొద్దా?" అంది ఏనుగు.

"కబురు పెట్టాం, రాలేదు," అంది గద్ద.

"రాలేదంటే అభ్యంతరం లేనట్టే," అని సింహం తేల్చేసింది.

పథకం సులువైనదే. రోజుకు ఒక్కొక్కరికీ ఇంత అని వాటా. వాటా తాగకుండా మానుకున్నవాళ్లకు సింహం గోటి గుర్తు ఉన్న మోదుగాకు ఒకటి ఇస్తారు. ఆకు చూపించిన వాళ్లు ఇంకో వాటా తాగొచ్చు. ఎవరు మానుకున్నారో గద్ద చూసి చెబుతుంది. ఆకుల కొనుగోలు, అమ్మకం పందికొక్కు చూసుకుంటుంది.

మర్నాడు తెల్లారేసరికి ఉడుము వచ్చి వరసలో మొదట నిలబడింది.

"ఇవాళ నేను తాగలేదండి."

గద్ద తలూపింది. "నిజమే. నిన్ను మడుగు దగ్గర నేనెప్పుడూ చూడలేదు."

"పుట్టినప్పట్నుంచీ ఆ మడుగు తొక్కలేదండి. ఆ పాత త్యాగం కూడా కలిపి ఇప్పించండి."

సింహం కళ్లు చెమర్చాయి. ఉడుముకు మోపెడు ఆకులిచ్చి, పూలదండ వేయించింది. అది చూసి పాములొచ్చాయి, తొండలొచ్చాయి, పొరుగు అడవి వాగుకెళ్లి తాగొచ్చే జంతువులన్నీ వచ్చాయి. తాగనివాళ్లు అడవిలో ఇంతమంది ఉన్నారని అంతవరకు ఎవరికీ తెలియదు.

పందికొక్కు ఆ ఆకులన్నీ నాలుగు గుడ్లకో, గుప్పెడు చెదలకో కొని, ఏనుగుకు వెలగపండ్ల లెక్కన అమ్మింది.

"ఇన్నాళ్లూ తాగుతుంటే తప్పు చేస్తున్నట్టుండేది," అంది ఏనుగు, తొండంతో ఆకులు ఎంచుకుంటూ. "ఇప్పుడు మనసు తేలికపడింది." మనసు తేలికపడితే దాహం పెరుగుతుంది కాబోలు, రెండు పూటలా మందను కూడా వెంటేసుకొచ్చింది.

ఓ రోజు సింహం పర్యవేక్షణకు వస్తే కొర్రమీను నీళ్లలోంచి తల ఎత్తింది.

"అయ్యా, నీళ్లు తగ్గిపోతున్నాయి! పిల్లలకు తిరగడానికి చోటు లేదు!"

"పొదుపు పెరుగుతోందమ్మా," అంది గద్ద. "ఇన్ని ఆకులు ఎప్పుడైనా జారీ అయ్యాయా?"

"పొదుపు చేసిన నీళ్లు ఏవి బాబూ?"

"అది నేను చూసే విషయం కాదు. నేను తాగనివాళ్లను చూస్తాను."

"తాగేవాళ్లను?"

"వాళ్ల దగ్గర ఆకులుంటాయి. వాళ్లను చూడక్కర్లేదు."

సింహం గంభీరంగా తల పంకించి, గుట్టెక్కి పడుకుంది.

చివరికి మడుగు నడిమధ్య ఒక గుంట మిగిలింది. అందులో కొర్రమీను, పిల్లలు. ఏనుగు వచ్చి తొండం చాపింది.

"అన్నా, ఇది నీళ్లు కాదు, మా ఇల్లు. ఒక్క పూట ఆగు. మబ్బు పట్టేలా ఉంది."

ఏనుగు చెడ్డది కాదు. తొండం వెనక్కి తీసుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత ఆకు తీసి చేప ముందు మర్యాదగా పట్టింది.

"నేను దొంగతనంగా తాగడం లేదు తల్లీ. చూడు, గోటి గుర్తు కూడా ఉంది."

తాగింది. కొర్రమీను బురదలో రెండుసార్లు కొట్టుకుంది. పిల్లలకు ఆ పాటి ఓపిక కూడా లేకపోయింది.

మబ్బు సాయంత్రం కమ్మింది గానీ, కురవకుండానే పోయింది.

మర్నాడు సింహానికి దాహమేసి మడుగుకొచ్చింది. నెర్రెలు విచ్చిన నేల చూసి గర్జించబోతే గొంతు పెగల్లేదు.

"ఎవడు నియమం తప్పాడు?" అంది గుసగుసగా.

"ఒక్కరు కూడా తప్పలేదు ప్రభూ," అంది గద్ద గర్వంగా.

"మరి నేనేం తాగను?"

"మీకు ఆకులకేం కొదవ ప్రభూ!" అంటూ పందికొక్కు బొరియలోంచి ఒక మోపు లాక్కొచ్చింది. సింహం ఒకటి నమిలి చూసింది. ఎండిపోయి గరగరలాడింది.

ఆ పూటే ముగ్గురూ పొరుగు అడవికి బయల్దేరారు. నీళ్లు అడగడానికి కాదు, పథకం నేర్పడానికి.

నీతి: పద్ధతి ప్రకారం ఎండగొడితే మడుగు ఎండడం కూడా విజయమే.