సీడర్ బెండ్ ప్లేఆఫ్ సంగ్రామమున రాఘవులు కుర్చీ నధిష్ఠించిన వైనము

ఎటు చూచినను హైవేలే గాని కాలిబాట కానరానిదియు, కారు లేక నడచిపోవు నరుని, పెంపుడు కుక్కలు సైతము అనుమానముగా చూచునట్టిదియు, లాస్ కొలీనాస్ అద్దాల హర్మ్యముల నీడలో తెలుగు ప్రోగ్రామర్ల అపార్ట్‌మెంట్లతో కిటకిటలాడునదియునగు టెక్సాస్ మండలాంతర్గత ఇర్వింగ్ నగరమున, నవంబరు మాసమందలి ఒకానొక శనివారము, ఉదయము తొమ్మిదిన్నర గంటల వేళ, ఒక ఇండియన్ గ్రోసరీ దుకాణపు వెనుక మూల, బియ్యపు బస్తాల కొండలకును ఫ్రీజర్ల హిమగిరులకును నడుమ వెలసిన టీ కౌంటరు ముందర, అమెరికా హైస్కూలు ఫుట్‌బాల్ చరిత్రలో ఎవడును వ్రాసిపెట్టని మహాసంగ్రామ మొకటి సంభవించెను. వినదలచినవారు టీ తెచ్చుకొని వినుడు. చల్లారినచో నా పూచీ లేదు.

కథానాయకుడు రాఘవులు. ఏబది రెండేండ్ల వాడు. తణుకులో ఎనిమిదవ తరగతి లెక్కల పరీక్షనాడు బడి గోడ దూకి మరల ఆ గోడ మొగము చూడనివాడు. అట్లకాడయే ఖడ్గముగా, పెనమే డాలుగా, సాంబారు గరిటెయే గదగా ధరించి, అక్కగారు పెట్టిన వలస కాగితముల బలమున సప్తసముద్రములు దాటి, ఆరేండ్లుగా ఆ కౌంటరు వెనుక నిలువుకాళ్ళపై నిలిచి, వీసా విలాపములును, లేఆఫ్ శోకములును, సమస్త విషయములపై డిగ్రీధరులిచ్చు తీర్పులును వినుచు, తన వాక్యమొక్కటియైనను చివరిదాకా చెప్పుటకు నోచుకోనివాడు. అవును, అదే అతని గుండెలోని ముల్లు. అతడు నోరు తెరచుటయే తడవు, ఎవడో ఒకడు "రాఘవులూ, ఇంకో టీ" అనును. వాక్యము అక్కడ చచ్చును.

ఆ కౌంటరు ముందర ఒక బల్ల, మూడు కుర్చీలు. ఒకదానిపై సొల్యూషన్ ఆర్కిటెక్ట్ శ్యామ్‌సుందర్, ఒకదానిపై టెస్టింగ్ టీమ్ లీడ్ జగన్మోహన్, మూడవదానిపై శ్యామ్‌సుందరుని లాప్‌టాప్ సంచి ఆసీనులై యుందురు. శనివారము సంచిలో లాప్‌టాప్ ఉండదు. ఐనను దానికి కుర్చీ యున్నది. రాఘవులునకు లేదు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి యనియు, కూర్చున్నవారిని ఉయ్యాల యూపుననియు లోకమెరుగును. ఐనను అతని కన్ను ఆరేండ్లుగా దానిమీదనే.

ఇక ఫుట్‌బాల్ సంగతి. శ్యామ్‌సుందరుని కుమార్తె నిధి సీడర్ బెండ్ హైస్కూలు మార్చింగ్ బ్యాండులో క్లారినెట్ ఊదును. అందువలన ఆ తండ్రి నాలుగేండ్లుగా ప్రతి శుక్రవారము స్టేడియమునకు పోయి, హాఫ్‌టైమున బ్యాండును వీడియో తీసి, ఆ పుణ్యమున ఫుట్‌బాల్ పండితుడైనాడు. రాఘవులు అపార్ట్‌మెంటో, ఆ స్టేడియము ప్రక్కనే. మొదటి యేడు డప్పుల చప్పుడుకు తిట్టుకొనెను. రెండవ యేడు టికెట్ కొనెను. ఆపై నాలుగు సీజన్లుగా కంచె పట్టుకొని ఒక్క ఆటయు తప్పలేదు.

ముందటి రాత్రితో లీగ్ ఆటలు ముగిసినవి. ప్లేఆఫ్ అను తరువాతి పోటీలకు పోవుటకు మిగిలినది ఒకే చోటు. సమాన విజయములతో నిలిచినవి మూడు బడులు. సీడర్ బెండ్ స్టోన్ రిడ్జ్‌ను ముప్పదియైదు పాయింట్ల తేడాతో మట్టి కరపించెను. స్టోన్ రిడ్జ్ లేక్ హార్పర్‌ను పదునాలుగు తేడాతో ఓడించెను. లేక్ హార్పరేమో మన సీడర్ బెండ్‌ను పదునేడుతో చావగొట్టెను. ఇక ఎవరు పోవలె?

శ్యామ్‌సుందర్ రంగులలో ప్రింటు తీసిన స్ప్రెడ్‌షీట్‌ను విజయధ్వజము వలె బల్లపై పరచెను.

"చూడు జగన్, సింపుల్. నెట్ రన్ రేట్."

"ఫుట్‌బాల్‌ల రన్ రేట్ ఏందన్నా?"

"కాన్సెప్ట్ అదే బాసూ. క్రికెట్‌లో మూడు టీమ్స్ ఈక్వల్ అయితే ఏం చేస్తారు? ఇక్కడ ఓవర్‌కి బదులు క్వార్టర్ పెట్టా, ఆటకి నాలుగు. స్టోన్ రిడ్జ్ మీద ప్లస్ థర్టీ ఫైవ్, బై ఫోర్, ఎయిట్ పాయింట్ సెవెన్ ఫైవ్. లేక్ హార్పర్ మీద మైనస్ ఫోర్ పాయింట్ టూ ఫైవ్. మిగతా రెండూ మన దరిదాపుల్లో కూడా లేవు. ప్లేఆఫ్‌కి మనమే. వేరే ఊళ్ళో ఆ గేమ్‌కి హోటల్ కూడా బుక్ చేసేశా."

"సార్, అలాక్కాదండి. పదిహేను దాటితే..."

"రాఘవులూ, అల్లం కొంచెం ఎక్కువెయ్యి."

అంతట రాఘవులు హృదయమున ప్రళయకాల మేఘము గర్జించెను. "ఓయీ శ్యామ్‌సుందరా! స్ప్రెడ్‌షీట్ శూరా! హాఫ్‌టైమ్ పిపాసీ! నాలుగవ క్వార్టరు సగముననే ట్రాఫిక్ భయమున కారు తాళములు వెదకికొను నీవా నాకు ఆట చెప్పువాడవు? ఆ కంచె తీగలు నా వ్రేళ్ళపై వేసిన గీతల నడుగుము! మన జట్టు ఇరువది రెండవ నంబరు పొట్టి బాలుని మోకాటి కట్టు నడుగుము! బంతిని చంకనిడికొని వాడు పరుగెత్తునపుడు ఆగిపోయిన నా ఊపిరి నడుగుము!" ఇదంతయు లోలోపల. నోటివెంట మాత్రము, "ఆయ్, అల్లం వేశానండి" అని వచ్చెను.

జగన్మోహన్ దయాళువు. తగవన్నను అతనికి ప్రీతియే. "ఆగన్నా, రాఘవులన్న ఏందో చెప్తుండు. చెప్పనీ."

దొరికిన సందున రాఘవులు అశ్వము వలె దూకెను. "మన డిస్ట్రిక్ట్‌లో ఎంత తేడాతో గెలిచినా పదిహేను వరకే లెక్కండి. ఓడినా అంతే. చిన్న బడిని చితక్కొట్టకూడదని ఆ రూలు. మనకి పదిహేనొచ్చింది, పదిహేను పోయింది, సున్నా. స్టోన్ రిడ్జ్‌కి పద్నాలుగొచ్చి పదిహేను పోయింది, మైనస్ ఒకటి. లేక్ హార్పర్‌కి పదిహేనొచ్చి పద్నాలుగు పోయింది. ప్లస్ ఒకటండి. వాళ్ళే వెళ్తారు."

"ఎవరు చెప్పారు నీకు?"

"గేటు దగ్గర టికెట్లు చూసే ముసలాయనండి. స్టోన్ రిడ్జ్ మ్యాచ్‌లో బాగా ముందుండగానే కోచ్ ఇరవై రెండో నంబరుని బెంచీ ఎక్కించేశాడు. ఎందుకని అడిగాను."

శ్యామ్‌సుందర్ నవ్వెను. కుమార్తె ప్రశ్నకు తండ్రి నవ్వినట్లు, ముద్దుగానే నవ్వెను. అదే ఎక్కువ మండును. "టికెట్ల తాతా? నేను ఫార్ములా పెట్టి చేశా రాఘవులూ. నువ్వేమో లెక్కల పరీక్ష రోజు గోడ దూకానని నువ్వే చెప్పావు."

"మరి నువ్వు ఓడితే?" అనెను జగన్మోహన్, నిప్పునకు నేయి పోయుచు. "గా బ్యాగ్ కిందికి దింపుతవా? కుర్చీ రాఘవులన్నకిస్తవా?"

"ఇచ్చేస్తా. ఆయన ఓడితే?"

"నేనోడితే ఇంక ఈ బల్ల దగ్గర ఫుట్‌బాల్ ఊసెత్తనండి" అనెను రాఘవులు. అనిన పిదప గాని ఎంత మాట అన్నాడో అతనికి తెలియలేదు. శుక్రవారములు గాక అతనికి మాటలాడుటకు మరేమున్నవి?

పందెము నిలిచినది. గడియారపు ముల్లు కదలకున్నది. పాలు పొంగుచుండగా ఆ మహావీరుని చిత్తమున మరియొక యుద్ధము రేగెను. తన మాట నెగ్గవలెనన్న సీడర్ బెండ్ ఓడవలె. సీడర్ బెండ్ నెగ్గవలెనన్న తాను జన్మాంతము నిలువుకాళ్ళపై మూగవాడై యుండవలె. ఇరువది రెండవ నంబరు బాలునకు ఇదే కడపటి యేడు. వచ్చే యేడు వాడు బడిలో ఉండడు. "దేవుడా, నా లెక్కయే తప్పు కావలె" అని అతడు సగము మనసుతో మ్రొక్కెను. తక్కిన సగము కుర్చీ వైపే చూచుచుండెను. సత్యము చెప్పవలె గదా.

అంతలో కరివేపాకు కట్టలు గదవలె పట్టుకొని, కూరగాయల వరుసల నుండి శ్యామ్‌సుందరుని ధర్మపత్ని, బ్యాండు తల్లుల సేనకు నాయకురాలునైన సుమతి ప్రవేశించెను.

"ఏమండీ, బ్యాండ్ డైరెక్టర్ మెయిల్ చూశారా? మనం అవుట్. నిధి కార్లో కూర్చుని ఏడుస్తోంది."

"అవుటా? ఎలా అవుట్?"

"ఏదో పదిహేను పాయింట్ల క్యాప్ అట. ఒక్క పాయింట్‌తో లేక్ హార్పర్ వెళ్ళింది. ఆ హోటల్ క్యాన్సిల్ చెయ్యండి ముందు. రాఘవులు గారూ, నాకు చక్కెర లేకుండా ఒక టీ."

పచ్చయు పసుపునగు ఆ స్ప్రెడ్‌షీట్‌పై ఎయిట్ పాయింట్ సెవెన్ ఫైవ్ అను అంకె దిక్కులేని పక్షి వలె పడియుండెను. శ్యామ్‌సుందర్ దానిని చూచెను, రాఘవులు వైపు చూచెను. పిదప, ఎంతైనను మాట తప్పని మనిషి గనుక, లేచి, రెండు చేతులతో సంచిని ఎత్తి, నేలపై ఉంచెను.

"కూర్చోండి రాఘవులు గారూ."

'గారూ' యట! జగన్మోహన్ టీ పొరబోయి దగ్గెను.

రాఘవులు అట్లకాడను దించి, చేతులు తుడుచుకొని, ఆరేండ్ల దూరము ఆరడుగులలో నడచి వచ్చి, కూర్చుండెను. వెంటనే కుర్చీ ఎడమకు ఒరిగెను. శ్యామ్‌సుందర్ ఆ రంగుల కాగితమును నాలుగు మడతలు పెట్టి, వంగి, పొట్టి కాలి క్రింద దూర్చెను.

"ఇందాక ఇంకేదో చెప్పబోయారుగా. చెప్పండి."

గెలిచినవాడు బల్లపై మోచేతులాన్చి ముందుకు వంగెను. "లేక్ హార్పర్ మ్యాచ్ అండి. పదిహేడు వెనకున్నాం. నలభై సెకన్లుంది. బంతి వాళ్ళ గోల్ దగ్గరే. ఒక్క తన్ను తంతే మూడు పాయింట్లండి, తేడా పద్నాలుగుకి దిగేది, ఇవాళ మనమే వెళ్ళేవాళ్ళం. ఎలాగూ ఓడిపోయాం కదా అని మనవాళ్ళు ఊరుకున్నారు. ముసలాయనా నేనూ కంచె పట్టుకుని అరిచాం, ఆయన ఇంగ్లీషులో, నేను తెలుగులో. స్టాండ్స్‌లో ఎవరూ లేరండి అరవడానికి. అందరూ కార్ల దగ్గరికి వెళ్ళిపోయారు."

శ్యామ్‌సుందర్ టీ కప్పును ప్రక్కకు జరిపెను. "నేనప్పుడు పార్కింగ్ లాట్‌లో ఉన్నా" అనెను మెల్లగా. "వచ్చే సీజన్ ఆ కంచె దగ్గర నాకూ చోటుంటుందా?"

"ముందే రావాలండి" అనెను రాఘవులు.

ఇట్లు ఆ శనివారము, సూర్యచంద్రులు కాకపోయినను ట్యూబ్‌లైట్లు రెండు సాక్షులుగా, తణుకు రాఘవులు తన వాక్యమును మొదలు నుండి తుద దాకా, ఎవరును టీ అడుగకుండ పలికెను. సుమతి టీకి ఆమెయే కౌంటరు వెనుకకు పోయి నీళ్ళు పెట్టుకొనెను. మరియు పదకొండు నిమిషముల కాలము, దోసె కొరకు వేరొకరు వచ్చి గంట కొట్టునంత వరకు, ఆ కుర్చీ ఊగలేదు.