కోటుకు ఇంటిపేరు

మా బీరువాలో నావి మూడు కోట్లున్నాయి. కోట్లంటే తొడుక్కునేవే, కంగారుపడకండి. మూడింటికీ బొత్తాలున్నాయి, కాజాలున్నాయి, ఆ రెంటికీ మధ్య నా పొట్ట ఉంది. పొట్ట తగ్గేదాకా నాలుగో కోటు గడప దాటి లోపలికి రాకూడదని మా ఆవిడ తీర్పు.

నాకేమో ఆఫీసు వార్షికోత్సవంలో వేదికెక్కి మాట్లాడే యోగం పట్టింది. పాత కోట్లలో ఎక్కితే పరువు పోతుంది. అందుకని ఆమెకు తెలియకుండా ఊళ్ళోకెల్లా ఖరీదైన దర్జీకి డబ్బు ముందే ఇచ్చి ఒకటి కుట్టించాను. లోపలి జేబు మీద సొంతదారు ఇంటిపేరు పట్టుదారంతో కుట్టడం ఆ కొట్టు ఆనవాయితీ. ఆ గొప్పకే పడిపోయాను.

ఇక దాన్ని ఇంటికి చేర్చాలి. దానికో పథకం వేశాను. మా ఆవిడని ఊరికే చూసొద్దామని ఖరీదైన కొట్లన్నీ తిప్పుతాను. చివర్లో ఆ కోటు అనుకోకుండా నా కంటపడుతుంది. తొడుక్కోగానే "అచ్చం నీకోసమే కుట్టినట్టుంది బావా" అని మా బావమరిది అనాలి. సన్నగా ఉంటాడని వాణ్ణి ఇంట్లో కొలబద్ద అంటాం. నన్ను ఎరగనట్టు ఉండమని దర్జీకీ చెప్పిపెట్టాను.

ముగ్గురం మొదట చేత్తో కుట్టిన బూట్ల కొట్టుకు వెళ్ళాం. మా ఆవిడ ఒక బూటు తిప్పి చూసింది.

"వీటిని వేసుకుని నడవాలా, చేత్తో పట్టుకుని నడవాలా?"

తర్వాత గొడుగుల కొట్టు. పిడి నునుపు చూసి ఆమె మెచ్చుకుంది.

"వానలోకి తీసుకెళ్ళొచ్చా?" అని అడిగింది. కొట్టువాడు ఆలోచనలో పడ్డాడు.

చివరికి దర్జీ కొట్టుకు చేరాం. దర్జీ నన్ను చూసి "ఎవరు కావాలండీ?" అన్నాడు. కాస్త అతి చేశాడనిపించింది.

"ఆ కోటేదో బావుందే" అన్నాను.

"వేసుకుని చూడండి" అంది మా ఆవిడ. ఇంత సులువుగా ఒప్పుకుంటుందనుకోలేదు. తనే కోటు తీసి, లోపలా బయటా చూసి, నా చేతికిచ్చింది.

భుజాలు అమిరాయి. బొత్తాం మాత్రం కాజా మొహం చూడనంది. దర్జీ నా చెవి దగ్గరికొచ్చాడు.

"కొలతలప్పుడు ఊపిరి బిగబట్టారా సార్?"

బిగబట్టాను. కొత్తవాడి ముందు పొట్ట వదలడానికి మొహమాటమేసింది. ఇప్పుడూ అలాగే బిగబట్టి బొత్తాం పెట్టాను.

"అచ్చం నీకోసమే కుట్టినట్టుంది బావా" అన్నాడు కొలబద్ద.

"మీరేమంటారండీ?" అంది మా ఆవిడ.

జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి. వదిలాను. బొత్తాం ఎగిరి అద్దానికి తగిలి ఎటో దొర్లిపోయింది.

"ఒరేయ్, నువ్వు వేసుకోరా" అంది తమ్ముడితో. వాడికి అతికినట్టు సరిపోయింది. ఊపిరి బిగబట్టిన నేనూ, మామూలు కొలబద్దా ఒకే కొలతని అప్పుడు తెలిసింది.

"అచ్చం వీడికోసమే కుట్టినట్టుంది. ఎల్లుండి వీడికి ఇంటర్వ్యూ కూడా ఉంది. బావ కానుక అనుకుంటాడు."

"మరి నా వార్షికోత్సవమో?"

"ఇంట్లో మూడున్నాయిగా. ఊపిరి బిగబట్టడం మీకెటూ వచ్చు."

నేను బొత్తాం వెతికే నెపంతో నేల మీద కూర్చున్నాను. పైనుంచి ఆమె గొంతు నెమ్మదిగా వినిపించింది.

"చూడండి, లోపలి జేబు మీద మా ఆయన ఇంటిపేరుంది. అది విప్పేసి మా పుట్టింటి పేరు కుట్టండి."

దర్జీ నసిగాడు. "ఒకసారి కుట్టిన ఇంటిపేరు మార్చడం కష్టమమ్మా."

"ఏం కష్టం? పెళ్ళినాడు నాది ఒక్క పూటలో మార్చేశారు."