అధ్యక్షుల వారి సముద్రం

మానవజాతి ప్రశాంతత కోసం ఇంతవరకు జరిగిన మహాప్రయత్నాలన్నింటిలోకీ ఎక్కువ గోల చేసినది మా అపార్ట్‌మెంటు చేసిన ప్రయత్నమేనని సగర్వంగా ప్రకటిస్తున్నాను. అసలు 'నిశ్శబ్దం' అన్న మాటలోనే ముప్పాతిక భాగం 'శబ్దం' ఉంది. మిగిలిన పావుభాగం ఎవరో "ఉష్" అన్నట్టుంటుంది. ఆ మాటను కనిపెట్టినవాడు కూడా మాలాగే అపార్ట్‌మెంటులో ఉండేవాడని నా అనుమానం.

మా బావమరిది వీడియోలు తీస్తాడు. పెళ్లి వీడియోలు కాదు, ఇంట్లో కూర్చుని చూసుకునే వీడియోలు. కదలనివాళ్లకు కసరత్తు, కిటికీ తెరవనివాళ్లకు ప్రకృతి, ఎవరి మాటా విననివాళ్లకు సంగీతం, ఏ పనీ లేనివాళ్లకు విశ్రాంతి. ఇలాంటివి అమ్ముకునే కంపెనీ ఒకటి ఈ నాలుగు రకాలూ తీసి ఇమ్మని అతన్ని అడిగింది. నచ్చితే ఉద్యోగం, స్టూడియో మీద ఉండడానికి ఒక గది. నచ్చకపోతే మా హాలు, హాల్లో సోఫా. ఆ సోఫా మీద భోజనం తర్వాత కునుకు తీసే హక్కు నాకు పెళ్లినాటి నుంచీ ఉంది.

"ఒక్క వారం ఉంటాను బావా" అంటూ వచ్చాడు. ఏ వారమో చెప్పలేదు. ఆదివారం మొదలుకొని శనివారం దాకా అన్ని వారాలూ ఉన్నాడు. తర్వాత మళ్లీ ఆదివారం నుంచి అందుకున్నాడు.

మొదటి మూడు వీడియోలూ కంపెనీకి నచ్చాయి. ముందుగా మా ఆవిడకు నచ్చాయి. కసరత్తు వీడియోను ఆవిడ సోఫాలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని ఆసాంతం చూసింది.

"ఎలా ఉందక్కా?"

"చూస్తుంటేనే నడుం పట్టేసిందిరా. అంటే పనిచేస్తున్నట్టే."

ప్రకృతి వీడియో చూసి, "అడవంటే ఇలా ఉండాలి. దోమల్లేవు, జలగల్లేవు, మధ్యలో ఆపి పొయ్యి మీద కూర చూసి రావచ్చు" అంది. సంగీతం వీడియో గురించి మాత్రం ఏమీ అనలేదు. అది నడుస్తున్నంతసేపూ ఫోన్లో మాట్లాడుతోంది.

చిక్కంతా నాలుగోదానితో వచ్చింది. విశ్రాంతి. సముద్రాన్ని బ్రహ్మాండంగా తీసుకొచ్చాడు. నీలం నీలంగానే ఉంది, తెలుపు తెల్లగానే ఉంది. కానీ అక్కడి గాలి మైకులో దూరి, సముద్రం ఎవరో పాత దుప్పటి చింపుతున్నట్టు వినిపించింది. బొమ్మ మిగిలింది, చప్పుడు పోయింది. చప్పుడు ఇంట్లోనే తయారు చెయ్యాలన్నాడు.

"అక్కా, వెడల్పాటి పళ్లెమొకటి, దాన్నిండా కందిపప్పు ఇవ్వు."

"ఏం వండుతావురా?"

"సముద్రం."

"ఉప్పు వెయ్యడం మరిచిపోకు."

పళ్లాన్ని ఇటూ అటూ నెమ్మదిగా వంచితే పప్పు గింజలు దొర్లి, అచ్చం అల వచ్చి వెనక్కి పోయినట్టు ఉంటుంది. ఉంది కూడా. ఆ అల సరిగ్గా ఒడ్డుకు చేరే సమయానికి పైఇంట్లో మిక్సీ తిరిగింది. మరో అలకు ఎదురింటివారి కుక్కర్ కూత పెట్టింది. మూడో అలకు లిఫ్టు, తలుపు సరిగ్గా వేసిన పాపాన ఎవరూ పోరు గనుక, "దయచేసి తలుపు మూయండి" అని తన జీవితాశయాన్ని పదే పదే చెప్పుకుంది. 'అలజడి' అన్న మాటలో అల ఎందుకుందో నాకప్పుడు బోధపడింది.

బావమరిది పళ్లెం కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు. "బావా, ఇదీ చెడితే ఇంక కెమెరా ముట్టుకోను. నాన్న చెప్పినట్టు ఏ దుకాణంలోనో కూర్చుంటాను" అన్నాడు. తమాషాకి అన్నాడేమోనని చూశాను. తమాషాగా లేదు మొహం. నా సోఫా సంగతి కాసేపు మరిచిపోయి, నేరుగా అసోసియేషన్ అధ్యక్షుల వారి దగ్గరికి వెళ్లాను.

మా అధ్యక్షుల వారు నిద్రపోరు. ఇది అపార్ట్‌మెంటులో అందరికీ తెలిసిన విషయం, ఎందుకంటే అందరికీ ఆయనే చెప్పారు. "మీరంతా హాయిగా పడుకోండి. ట్యాంకు నిండిందా, గేటు పడిందా, మోటారు వేడెక్కిందా అని మీ కోసం నేను మేలుకుంటాను. కన్ను మూసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు" అంటారు. ఎన్నికలప్పుడల్లా ఎర్రబడిన ఆ కళ్లను ఇంటింటికీ తెచ్చి చూపిస్తారు. అవే ఆయన ఎన్నికల గుర్తు. అంతగా మేలుకున్న మనిషిని ఓడించడానికి ఎవరికీ మనసొప్పదు. ఈసారి మాత్రం పై అంతస్తు లెక్కల మాస్టారు పోటీకి దిగుతున్నారనీ, వచ్చే సర్వసభ్య సమావేశంలోనే ఎన్నికనీ మెట్ల మీద చెప్పుకుంటున్నారు.

నా మొర విని అధ్యక్షుల వారు అప్పటికప్పుడు నోటీసు బోర్డుకు ఒక ప్రకటన ఎక్కించారు: "ఇందుమూలముగా యావన్మంది నివాసులకు తెలియజేయునది ఏమనగా, కళాభివృద్ధి నిమిత్తము నేటి మధ్యాహ్నము నిశ్శబ్దము పాటించవలెను. పాటించని వారు పేరు పెట్టి బిగ్గరగా పిలువబడుదురు."

దాన్ని అమలు చెయ్యడానికి కార్యదర్శి ఈల మెడలో వేసుకుని బయలుదేరాడు. ప్రతి అంతస్తులోనూ ఈల వేసి "నిశ్శబ్దం" అని అరిచాడు. వినిపించిందో లేదోనని మళ్లీ అరిచాడు. ఏమైందోనని జనం తలుపులు తీసుకుని మెట్ల మీదికి వచ్చారు. నిశ్శబ్దం ఎప్పటి నుంచి ఎప్పటి దాకానో లెక్క ఉండాలన్నారు మాస్టారు. నిశ్శబ్దానికి లెక్కేమిటన్నాడు కార్యదర్శి. ఈ చర్చ వీధి చివరిదాకా వినిపించిందని తర్వాత తెలిసింది.

చివరికి అధ్యక్షుల వారే ఒక కుర్చీ తెప్పించుకుని మా గుమ్మం బయట కూర్చున్నారు. "మీరు కానివ్వండి. నేనిక్కడ కళ్లలో వత్తులు వేసుకుని కాపలా ఉంటాను" అన్నారు.

ఆ కాపలా మహిమేమో గాని, మిక్సీలు ఆగాయి. కుక్కర్లు మూగబోయాయి. లిఫ్టు కూడా వైరాగ్యంలో పడింది. బావమరిది పళ్లెం వంచాడు. అల వచ్చింది. గుండెలనిండా గాలి పీల్చుకున్నట్టు వచ్చి, తీరిగ్గా వదిలిపెట్టినట్టు పోయింది.

కంపెనీలో దాన్ని విన్న పెద్దమనుషులందరూ బల్ల మీదే నిద్రపోయారట. లేచాక ఫోన్ చేశారు. "ఇలాంటి అల మేమింతవరకు వినలేదు. కాకపోతే చాలా పొట్టిగా ఉంది. గంటసేపు ఆడేలా చేసి సోమవారం పట్టుకురండి" అన్నారు.

బావమరిది మళ్లీ పళ్లెం పట్టాడు. వంచాడు, ఊపాడు, పప్పు మార్చాడు, పళ్లెం మార్చాడు. "పప్పు పప్పులాగే ఉంది బావా. ఆ ప్రాణం రావట్లేదు" అన్నాడు. ఆ ప్రాణం ఎక్కడిదో చూద్దామని పాత రికార్డింగును స్పీకర్లో పెట్టి ముగ్గురం విన్నాం. అల వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. కంపెనీకి పంపేటప్పుడు కత్తిరించిన చివరి ముక్కలో సముద్రం గొంతు సవరించుకుని, "ఎవరయ్యా ఆ లిఫ్టు తలుపు వెయ్యనిది" అని అడిగింది.

బావమరిది ఆ ముక్కను మళ్లీ పెట్టాడు.

"ఇది అధ్యక్షుల వారి గొంతు కదూ?" అంది మా ఆవిడ.

"ఇప్పుడు గొంతు. ఇంతసేపూ ముక్కు" అన్నాను.

సముద్రమంటే ముద్రతో కూడినదని పండితులు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. ఇది మాత్రం అసోసియేషన్ రబ్బరు ముద్రతో కూడినదే.

ఇక ఎన్నడూ నిద్రపోని మనిషిని గంటసేపు నిద్రపొమ్మని అడగాలి. బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను.

"సార్, మీరు మొన్న మా గుమ్మం దగ్గర కూర్చున్నప్పుడు..."

"కన్నార్పలేదు" అన్నారాయన.

"అదే సార్. కన్నార్పకుండా మీరు... కాస్త గట్టిగా ఊపిరి తీసుకున్నారు."

ఆయన కిటికీలోంచి ట్యాంకు వంక చూస్తూ చాలాసేపు ఆలోచించారు. "దాన్ని ధ్యానం అంటారు" అన్నారు.

"ఆ ధ్యానమే సార్ కావలసింది" అన్నాడు బావమరిది. "గంటసేపు. మీ పేరెక్కడా రాదు."

"నాయనా, నీ బతుకుతెరువు కోసం అడుగుతున్నావు. కాదంటే నేను మనిషినే కాదు" అన్నారు అధ్యక్షుల వారు. ఆయన గొంతులో నిజంగానే తడి ఉంది. 'ధ్యానం' అన్నందుకు మనసులో తిట్టుకోబోయినవాణ్ణి మానుకున్నాను.

మర్నాడు మా సోఫాను ఆయనకు అప్పగించాం. దిండు వేశాం, కర్టెన్లు మూశాం, ముక్కుకు మూరెడు దూరంలో మైకు వేలాడదీశాం. ఆయన పడుకున్నారు. కళ్లు మూసుకున్నారు. అటు తిరిగారు, ఇటు తిరిగారు. ఫ్యాన్ తగ్గించమన్నారు, పెంచమన్నారు. చివరికి లేచి కూర్చుని, "చెప్పానా, నాకు నిద్ర రాదని" అన్నారు. జీవితంలో మొదటిసారి నిజం చెప్పినందుకు ఆయన మొహం వెలిగిపోయింది. మా బావమరిది మొహం ఆరిపోయింది.

ఆయన వెళ్లాక మా ఆవిడ దిండు సర్దుతూ, "సోఫా మీద ఎందుకు నిద్రపోతాడురా ఆయన? డ్యూటీలో ఉంటే కదా నిద్రపట్టేది. మీటింగు పెట్టండి" అంది.

నిజమే. మా సర్వసభ్య సమావేశాలన్నింటికీ ఆయనే అధ్యక్షులు. కార్యదర్శి నివేదిక అందుకోగానే ఆయన గడ్డం ఛాతీకి ఆనుతుంది. దాన్ని మేము ఇన్నాళ్లూ గాఢమైన పరిశీలన అనుకున్నాం.

ఈ ఆలోచన చెప్పగానే అధ్యక్షుల వారు ఒప్పుకున్నారు. "ఆదివారం మధ్యాహ్నమే పెడదాం. అయితే ధ్యానం కోసం సభ పని ఆగకూడదు. నివేదిక అయ్యాక తీర్మానాలు అట్టల మీద పెద్దక్షరాలతో రాయించి కార్యదర్శి ఎత్తి చూపిస్తాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఆమోదమే. మన నియమావళిలో ఉన్నదే" అన్నారు. ఇంత కళాపోషణ ఉన్న అధ్యక్షులు ఏ అపార్ట్‌మెంటుకు ఉన్నారని నేను పొంగిపోయాను.

ఇంటింటికీ తిరిగి బతిమాలింది నేనే. రికార్డింగు నడుస్తున్నంతసేపూ కిక్కురుమనవద్దని చేతులు పట్టుకున్నాను. అందరూ మంచివాళ్లు, సరేనన్నారు. మాస్టారు కూడా, "కుర్రాడి ఉద్యోగమంటున్నారు, నోరు కుట్టేసుకుంటాను. నా ఎన్నిక ఎలాగూ చివర్లోనేగా, మైకు ఆపాక లేస్తాను" అన్నారు.

ఆదివారం కింది హాలు నిండింది. కార్యదర్శి నివేదిక మొదలుపెట్టాడు. డ్రైనేజీ దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షుల వారి గడ్డం వాలింది. పెయింట్ల దగ్గరికి వచ్చేసరికి సముద్రం మొదలైంది. ఏం సముద్రమది. పౌర్ణమినాటి పోటు. బావమరిది చెయ్యెత్తి సైగ చేశాడు, కార్యదర్శి నోరు మూశాడు, మైకు మీద ఎర్రదీపం వెలిగింది. ఎప్పుడూ నీళ్ల కోసం కొట్టుకునే మేమంతా అల మీద అల వింటూ చిన్నపిల్లల్లా కూర్చున్నాం.

కార్యదర్శి మొదటి అట్ట ఎత్తాడు: గేటుకు ఆకుపచ్చ రంగు. అందరికీ నీలం ఇష్టం. ఎవరూ మాట్లాడలేదు. రెండో అట్ట: స్కూటర్లు గోడ వారగా. స్కూటర్లున్నవాళ్లు పళ్లు నూరారు, చప్పుడు కాకుండా.

మూడో అట్ట ఎత్తేసరికి కాగితం కాస్త గరగరలాడింది. దాని మీద ఇలా ఉంది: "ప్రస్తుత అధ్యక్షులే యావజ్జీవము కొనసాగుదురు గాక."

మాస్టారు లేచారు. ఆయన కుర్చీ కిర్రుమంది. నోరు పూర్తిగా తెరిచారు. మా బావమరిది మైకు తీగ పట్టుకుని నిలబడి, రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఆయన వంక చూశాడు. వాడు కన్నార్పలేదు. మాస్టారి మెడలో నరాలు ఉబ్బాయి. మొహం కందగడ్డ అయింది. నేనా? నేను మాస్టారికి ఎదురుగా నిలబడి, పెదాల మీద వేలు పెట్టుకున్నాను. ప్రజాస్వామ్యం ఒక పక్క, సోఫా ఒక పక్క. ఆయన జేబురుమాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. కార్యదర్శి తీరిగ్గా చుట్టూ చూసి, అట్ట దించాడు.

ఎర్రదీపం ఆరాక అధ్యక్షుల వారు కళ్లు తెరిచి, "తీర్మానాలన్నీ ఏకగ్రీవమా? మీ అభిమానానికి మాటలు రావడం లేదు" అన్నారు. అప్పటికి మాక్కూడా రావడం లేదు.

సాయంత్రం బావమరిది ఆ రికార్డింగును మొదటి నుంచి వింటున్నాడు. నేను పక్కనే ఉన్నాను. గేటు అట్ట దగ్గర అల మామూలుగా వచ్చి వెళ్లింది. స్కూటర్ల దగ్గర కూడా అంతే. కాగితం గరగర వినిపించింది, మాస్టారి కుర్చీ కిర్రుమనడం వినిపించింది. ఆ తర్వాత అల లేదు. ముక్కు లేదు, ఊపిరి లేదు. హాలంతా ఎలా ఉందో ఆయనా అలాగే ఉన్నారు. అట్ట దించిన చప్పుడు అయ్యాక, ఇంతవరకు రానంత పెద్ద అల ఒకటి హాయిగా ఒడ్డెక్కింది.

"నిద్రపోయినవాడు ఇలా ఆపుతాడా బావా?" అన్నాడు బావమరిది. "ఈ ముక్క కత్తిరించెయ్యనా?"

"ఉండనీ" అన్నాను.

వీడియో కంపెనీకి చేరింది. బావమరిదికి ఉద్యోగం వచ్చింది, గది వచ్చింది, నాకు సోఫా వచ్చింది. మాకు యావజ్జీవ అధ్యక్షుల వారు వచ్చారు. వీడియో మొత్తంలో కంపెనీ పెద్దలకు అన్నిటికన్నా నచ్చినది అల ఆగిన ఆ చోటేనట. సముద్రమంతటిది ఊపిరి బిగబట్టి మన మంచి కోసం ప్రార్థిస్తున్నట్టు ఉందట.