ఈదయ్య కవి వర్ధంతికి ఉపేందర్ ఫొటో

ఆదివారం పొద్దున్నే సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కిన ఉపేందర్ మెడకు మఫ్లర్ చుట్టుకుని, ఫోన్ ఆపేసి, కిటికీ పక్కన కూర్చున్నాడు. నాటకం ఆట ఉన్న రోజు తెర లేచేదాకా అతడు పెదవి విప్పడు. గొంతు కాపాడుకోవడానికి అదొక్కటే దారని అతడి నమ్మకం. భార్య పద్మమ్మకు ఈ మౌనం అలవాటే. నిజం చెప్పాలంటే ఆ రోజులంటే ఆమెకు కొంచెం ఇష్టం కూడా.

సాయంత్రం మిర్యాలగూడలో ఈదయ్య కవి వర్ధంతి సభ, ఆ వెంటనే ఆయన రాసిన ‘గుడ్డి దర్బారు’ నాటకం. నిజాం కాలంలో దొరల గడీల ఎదుటే ఆడించిన నాటకం అది. నాలుక కోయిస్తానన్న రాజు ముందు ఒక గొర్రెల కాపరి రొమ్ము విరుచుకుని నిలబడి, “దర్బారు మీది, గొంతు నాది!” అంటాడు. చాలా ఏళ్లుగా ఆ వేషం ఉపేందర్‌దే. అయితే పోయినేడు చూడ్డానికి వచ్చినవాళ్ల కంటే వేషాలు కట్టినవాళ్లే ఎక్కువయ్యారు. ఈసారీ అంతే అయితే నాటక సమాజం మూసేద్దామని తోటివాళ్లు తేల్చి చెప్పేశారు. అందుకే ఉపేందర్ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటా ఫ్లెక్సీలు కట్టించాలని పట్టుబట్టాడు.

చిక్కంతా ఫొటో దగ్గర వచ్చింది. కవిగారి ఫొటో లోకంలో ఒక్కటీ లేదు. ఉపేందర్ తనే తలపాగా చుట్టి, శాలువా కప్పుకుని, కవి ఇలాగే ఉండేవాడన్నట్టు ఫొటో దిగాడు. దాన్ని ఫ్లెక్సీ దుకాణం చిరంజీవికి పంపే పని హార్మోనిస్టు మల్లేష్‌కు అప్పజెప్పాడు. మల్లేష్ ఫోన్లో చెప్పింది రెండే ముక్కలు.

“వర్ధంతి ఫ్లెక్సీ అన్నా. కార్యదర్శి ఉపేందర్ పేరు మాత్రం పెద్దగ రావాలె.”

ఉపేందర్ ఎప్పుడు పోయాడో తనకు తెలియనందుకు చిరంజీవి చాలా నొచ్చుకున్నాడు. ఫొటోకు రెండు పక్కలా దీపాలు పెట్టి, ‘కార్యదర్శి ఉపేందర్ గారికి అశ్రునివాళి’ అని ఎర్రటి అక్షరాలు, కింద సభ జరిగే హాలు పేరు దించాడు. రాత్రికి రాత్రే మూడు ఊళ్లలోనూ కట్టించాడు.

బస్సు చౌరస్తా దాటుతుంటే ఉపేందర్‌కు రెండు నిలువుల ఎత్తున తన మొహం కనిపించింది. అక్షరాలు చదివే లోపే బస్సు మలుపు తిరిగింది. మొహం బాగా వచ్చిందని మురిసిపోయాడు. పక్క సీటాయన మాత్రం ఫ్లెక్సీనీ అతడినీ మార్చి మార్చి చూసి, లేచి వెనక సీటుకు వెళ్లిపోయాడు.

మిర్యాలగూడలో హాలు ముందు దిగేసరికి ఫ్లెక్సీ కింద ఒకతను దండ పట్టుకుని ఏడుస్తున్నాడు. అతడు పద్మమ్మ తమ్ముడు జానయ్య. నేరేడుచర్లలో రైస్ మిల్లు పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఎదురుగా బావను చూసి దండ జారవిడిచాడు.

“బావా! బతికే ఉన్నవా? జర మాట్లాడు బావా!”

ఉపేందర్ అప్పుడు ఫ్లెక్సీ చదివాడు. కోపం వచ్చినా నోరు తెరవలేదు. గొంతు వైపు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

“అయ్యో, మాట పడిపోయింది!” అన్నాడు జానయ్య.

ఉపేందర్ కాగితం, కలం కావాలని వేళ్లతో సైగ చేశాడు. జానయ్య బావురుమన్నాడు. “వీలునామా రాస్తడట! ఇగ ఆగేది లేదు, దవాఖానకు పట్టుండ్రి!”

నలుగురు పట్టి ఆటోలో వేశారు. దవాఖానలో ఉన్న డాక్టరమ్మది కోదాడ వైపు. ఆమె టార్చి వేసి గొంతు చూసింది. ఈలోగా మోతె నుంచి చుట్టాలు ట్రాలీ ఆటోలో దిగారు. కోదాడ కళాకారులు డప్పులతో వచ్చారు. ఉపేందర్ పోయాడని విన్నవాళ్లు కొందరు, పక్షవాతమని విన్నవాళ్లు కొందరు. పద్మమ్మ అందరినీ తోసుకుంటూ లోపలికొచ్చింది.

“ఆట ఉన్న దినం గిట్లనే ఉంటడమ్మా, ఏం కాలే!”

“అక్క దుఃఖంల ఏదేదో అంటున్నది” అని జానయ్య ఆమెను పక్కన కూర్చోబెట్టాడు.

“రిస్కు తీసుకోలేమండీ. రేపటిదాకా ఇక్కడే ఉంచాలి” అంది డాక్టరమ్మ.

రేపటిదాకా! అంటే ఆట లేదు, సమాజమూ లేదు. ఉపేందర్ మంచం మీద నిటారుగా లేచి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి అదిమిపెట్టిన గొంతు వార్డంతా మోగింది.

“దర్బారు మీది, గొంతు నాది!”

టార్చి చేతిలో ఉండగానే డాక్టరమ్మ అప్రయత్నంగా తర్వాతి పాదం అందుకుంది. “కోసినా పలుకుతది, మూసినా పలుకుతది!”

ఉపేందర్ మంచం దిగి ఆమె దగ్గరికొచ్చాడు. “అమ్మా, నీకెట్ల ఎరుక?”

“మా తాతయ్య రోజూ మమ్మల్ని నిద్ర లేపింది ఈ మాటతోనేనండీ.”

“మా పెండ్లి బరాత్‌ల డీజే గూడ ఇదే కొడ్తడు” అన్నాడు ట్రాలీ నడిపిన మనిషి.

“ఇది ఆటోల ఎనక రాసేది గద?” అన్నాడు జానయ్య.

“ఆటో ఎనక ఉన్నది ఈదయ్య కవి! బరాత్‌ల ఉన్నది ఈదయ్య కవి! మీ అందరి నోట్లె ఉన్నది ఆయనే!” అన్నాడు ఉపేందర్. ఇన్నేళ్లూ ఖాళీ కుర్చీలు చూసి, కవిని జనం మరిచారని కుమిలిపోయాడు. జనం మరిచింది పేరొక్కటే.

చావు చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఆట చూడ్డానికి కదిలారు. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. రాజు కత్తి దూసినప్పుడు ఉపేందర్ రొమ్ము విరిచి గాలి పీల్చుకున్నాడో లేదో, హాలు హాలంతా ఆ మాటను తనే అనేసింది. మల్లేష్ వేళ్లు హార్మోనియం మీద ఆగిపోయాయి. కాపరి ముందుకొచ్చి, రాసినవాడి పేరు ఎలుగెత్తి చెప్పాడు. జనం ఆ పేరునూ పలికారు. ముందు వరుసలో పద్మమ్మ కళ్లు తుడుచుకుంటూ, “మా ఇంటాయననే” అని పక్కామెకు చెప్పుకుంది.

సమాజం మూసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జానయ్య మాత్రం, అంత జనంలో తనను ఊరికే ఏడిపించినందుకు బావతో చాలా రోజులు మాట్లాడలేదు.