వోక్రెస్సాన్ దొరగారి కిటికీలోని వంతెన

అధికారి తైలచిత్రం కచేరీ గోడకెక్కేవరకు ఆయన సంతకం చెల్లదన్న నియమమే మా మోర్‌వీ పట్టణ పాలనకు మూలస్తంభం. (తన అర్జీని తోసిపుచ్చిన ముఖమేదో ప్రతి మనిషికీ తెలియాలి కదా.) మస్యు ద వోక్రెస్సాన్ వంతెనల అధికారిగా వచ్చేనాటికి మా ఊరి వంతెన వరదకు కొట్టుకుపోయి రెండు నెలలైంది. ఆ కచేరీలో నకళ్లు రాసేవాణ్ణి నేను.

మొదటి రోజే మంత్రసాని పెరీన్ బురద కర్రజోళ్లతో లోపలికొచ్చింది.

"అయ్యా, ఏటి అవతల నెలలు నిండినవాళ్లు నలుగురున్నారు. కాస్త గాలి లేస్తే గాస్పార్ పడవ తియ్యనంటాడు. వంతెన వేయించండి."

"తప్పకుండా అమ్మా. బొమ్మ పూర్తికానీ, మొదటి సంతకం నీ కాగితం మీదే." దొరగారు మంచివారు. మనసారానే అన్నారు.

పారిస్ నుంచి చిత్రకారుడు లుబాన్ దిగాడు. మణికట్టు లేసుకు నాలుగు నెలలు, నీలి మఖమలు కోటుకు మూడు, విగ్గు మీది పొడికి రెండు పట్టాయి. దొరగారివి కొంగ కాళ్లు కనుక పిక్కల కోసం రొట్టెల బెర్ట్రాన్‌ను తెచ్చి నిలబెట్టారు. (ఆ వారం ఊరికి రొట్టె లేదు.) అరవై రెండేళ్ల ముఖం మీద ముప్పై ఏళ్ల గులాబి బుగ్గలు పూశాయి.

పెరీన్ వారం వారం వచ్చేది. "ఎంతదాకా వచ్చింది నాయనా?"

"ఎడమ చెయ్యి నడుస్తోంది."

"సంతకం కుడిచేత్తో కదయ్యా పెట్టేది! ముందు అది గీయమనరాదూ?"

చివరికి దొరగారి వెనక కిటికీ ఒక్కటే మిగిలింది. వంతెనల అధికారి కిటికీలోంచి వంతెన కనబడకపోతే ఏం మర్యాద? లుబాన్ ఐదు కమానుల తెల్లరాతి వంతెన గీశాడు. దాని మీద గొర్రెలమందనూ, పట్టు గౌనులో గొల్లపిల్లనూ నడిపించాడు.

చిత్రం గోడకెక్కింది. పెరీన్ అర్జీ బల్ల మీదికొచ్చింది. దొరగారు కలం ముంచారు. అప్పుడు తనిఖీ చూసే మస్యు పూలార్ గొంతు సవరించుకున్నాడు.

"క్షమించాలి. కచేరీ చిత్రం ప్రమాణపత్రంతో సమానం. దాని ప్రకారం వంతెన ఉంది. లేదంటే చిత్రం అబద్ధమవుతుంది. అప్పుడు తమరి బుగ్గలూ..."

దొరగారు అద్దంలోకి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. ఆ తర్వాత అర్జీ మీద 'పని పూర్తయినది' అని రాసి సంతకం చేశారు.

"పూర్తయిందా!" పెరీన్ కళ్లు పెద్దవయ్యాయి. "నిన్ననే పడవ తిరగబడి నడుంలోతు నీళ్లలో నడిచొచ్చానయ్యా!"

"వంతెన ఉండగా నీళ్లలోకి దిగడమెందుకమ్మా?" అన్నాడు పూలార్, నిజంగానే జాలిపడుతూ.

వంతెన ఉన్నచోట పడవ నడపరాదన్నది మరో నియమం. మర్నాడు గాస్పార్ పడవకు గొలుసు పడింది. ఆ వారమే అవతల కమ్మరి భార్య సోలాంజ్‌కు నొప్పులు మొదలయ్యాయి. పెరీన్ గొలుసు వంక చూసింది, ఏటి వంక చూసింది, మూట నెత్తిన పెట్టుకుని దిగింది.

"కుడిపక్క లోతు! ఎడమకి రా అమ్మా, ఎడమకి!" గట్టు మీద గాస్పార్ గొంతు పోయేదాకా అరిచాడు.

చేరింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. పెరీన్‌కు పది రోజులు జ్వరం. వంతెన ఉండగా ఏట్లో దిగి వంతెనను అగౌరవపరచినందుకు సంజాయిషీ కోరుతూ ఆమెకు కచేరీ తాఖీదు వెళ్లింది. (దస్తూరీ నాదే.)

ఆ చలికాలం కచేరీ పొయ్యి వేడికి చిత్రంలో మూడో కమాను దగ్గర రంగు బీటవారింది. వంతెన ప్రజలకు ప్రమాదకరంగా ఉందని పూలార్ వెంటనే నివేదిక పంపాడు. లుబాన్ బండి కట్టించుకుని పరుగున వచ్చాడు. నాలుగో రోజుకల్లా వంతెన మరమ్మతు పూర్తయింది.