వాన నీళ్లు తాగరాదు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ ఎండాకాలం కోసం ఒక కొండగుహలో గడ్డి దాచుకునేవి. ఆ గుహకు కాపలా ఏనుగు గజపతయ్య. అడవి సభకు అధ్యక్షుడూ ఆయనే.

ఒక వేసవిలో వాగు ఎండింది. అడవిపంది వరహాలయ్య సభకొచ్చి, తన ఖర్చుతో చెరువు తవ్విస్తాననీ, తాగినవాళ్లు నోటెడు గడ్డి ఇస్తే చాలనీ, ముప్పై ఏళ్లయ్యాక చెరువు సభకే ఇచ్చేస్తాననీ చెప్పాడు. పంది గడ్డి తింటుందా అని అడక్కండి. కాంట్రాక్టరు ఏదైనా తింటాడు.

చివర్లో చిన్న షరతు పెట్టాడు. రోజూ సగం అడవైనా వచ్చి తాగాలి. తగ్గితే ఆ లోటు సభే గుహలోంచి పూడ్చాలి.

చుక్కల దుప్పి గౌరమ్మ లేచింది.

"వానాకాలం మీ చెరువుకి ఎవరొస్తారు వరహాలయ్యా? ఆ గుహ ఖాళీ అయితే వేసవిలో మా పిల్లలకి పాలెక్కణ్ణించి వస్తాయి?"

"చూశారా అయ్యా, అభివృద్ధి అనగానే అడ్డుపడతారు" అన్నాడు వరహాలయ్య.

అభివృద్ధి అన్న మాట వింటే గజపతయ్యకు తొండం దానంతటదే లేస్తుంది. ఒప్పందం మీద పాదం మోపేశాడు. పర్యవేక్షణకు తాబేలు కూర్మయ్యను వేశారు. వరహాలయ్య ఆయనకు చెరువులోనే నీడపట్టున ఒక రాయి ఇచ్చాడు. అక్కణ్ణించి చూస్తే ఎప్పుడూ అంతా బాగానే కనిపించేది.

వేసవంతా బాగానే గడిచింది. తర్వాత వానలు పడ్డాయి. ఎక్కడ చూసినా నీళ్లే, చెరువు మొహం చూసిన జంతువు లేదు. వరహాలయ్య మందతో వచ్చి లోటు కింద గుహలో గడ్డి మోసుకుపోవడం మొదలుపెట్టాడు.

ఒప్పందం తిరగరాయించాలని గజపతయ్యకు తట్టలేదు. వాన నీళ్లు తాగడం నేరమని చాటింపు వేయించాడు. గుంటల దగ్గర కోతుల్ని కాపలా పెట్టాడు. దాహం ఉన్నా లేకపోయినా రోజూ చెరువుకెళ్లి తాగి తీరాలన్నాడు. అరిస్తే వానొస్తుందని కప్పల నోళ్లు కూడా మూయించాడు. ఇంత బుద్ధి సంతకానికి ముందు ఏ గడ్డి మేసిందో తెలియదు.

మరుసటి ఏడు నిజంగానే చినుకు రాలలేదు. ఇక అందరూ చెరువుకే వస్తారని గజపతయ్య ఊపిరి పీల్చుకున్నాడు. తీరా చూస్తే చెరువూ ఎండింది. కూర్మయ్య బురదలోంచే నివేదిక పంపాడు, నీళ్లు మినహా అంతా సంతృప్తికరమని.

వరహాలయ్య మళ్లీ గుహ దగ్గరికొచ్చాడు.

"నీళ్లే లేవు కదయ్యా, ఇంకా దేనికి కట్టాలి?" అన్నాడు గజపతయ్య.

"నీళ్లు లేకపోతే తాగేవాళ్లు రారు. రాకపోతే లోటే కదండీ. ఒప్పందంలో తాగేవాళ్ల లెక్క ఉంది గాని నీళ్ల మాట లేదు."

మిగిలిన గడ్డీ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గౌరమ్మ వచ్చింది. కొత్తగా పుట్టిన పిల్ల ఎండిన పొదుగు పట్టుకు లాగుతోంది. ఇంకేమీ అడగలేదు, గుప్పెడు గడ్డి ఉంటే పెట్టమంది. గజపతయ్య గుహలోకి తొంగి చూశాడు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

"గడ్డి లేదు తల్లీ. కాని బెంగపడకు, ముప్పై ఏళ్ల తర్వాత ఆ చెరువు మనదే అవుతుంది."

నీతి: నీళ్లమ్ముకుంటే ఎప్పుడో ఒకప్పుడు నష్టం రావచ్చు; సర్కారుతో పొత్తు కలిసి దాహం అమ్ముకుంటే ఎన్నటికీ రాదు.